నాలుగో వాల్వు

బోయిసీలో కాలవకి నీళ్లు వదిలిన మర్నాడే
నా ఫోను మోగడం మొదలవుతుంది.
చలికాలమంతా నేలకింద పడుకున్న పైపులు
ఎక్కడ పగిలాయో
ఏప్రిల్ వస్తే గాని తెలియదు.

వెర్నా హాల్వర్సన్, ఎనభై రెండేళ్లు,
తలుపు తీస్తూనే అంది:
"మూడు వరుసలు బాగానే లేస్తున్నాయి ఇగ్గీ,
నాలుగోది దగ్గుతోంది."

నిజమే. మీట తిప్పితే
పెరటి చివర ఇత్తడి తలలు
తాబేళ్లలా అంగుళం పైకొచ్చి
ఇంత బురద ఉమ్మి
మళ్లీ లోపలికి దూరాయి.

గరాజు గోడ మీద పెన్సిలు గీతలు.
ఆమె భర్త ఆర్విడ్ వేసిన పటం,
అరవై ఏడులో, పైపులు పాతిన వారమే.
"నాలుగో వరుస: ప్లమ్ చెట్టు నుంచి పదకొండు అంగలు."
ప్లమ్ చెట్టు లేదు.
ఆ అంగలు వేసిన మనిషీ లేడు.

"ఆయన కొంగలా నడిచేవాడు," అంది వెర్నా.
"ఆయన ఒక్క అంగకి నావి రెండు.
పక్కన నడిచీ నడిచీ
ఆ లెక్క నా పిక్కలకి తెలుసు."
ప్లమ్ చెట్టుండే చోట నిలబడి
చేతికర్ర చంకలో పెట్టుకుని
పైకి లెక్కపెడుతూ బయల్దేరింది.
పద్నాలుగు దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుంది.
ఇరవై రెండు. "ఇక్కడ తవ్వు."

తవ్వాను. రాళ్లు, ఒక గోళీ,
పెంకు విరిగిన నత్త.
పైపు లేదు.
"మోకాళ్లు మారాయి కదా," అంది,
"ఇంకో రెండు కలుపుకో."

ఇంకో రెండు దగ్గర మట్టి తడిగా ఉంది.
అక్కడి నుంచి పార పక్కన పడేసి
చేతి తాపీతో, పళ్లు తోమే బ్రష్షుతో
గోకుతూ పోయాను.
వెండి మేపుల్ వేరు, నా తొడంత లావు.
పైపు దానిలోకి పోయి
అవతల బయటికొస్తోంది,
సూది బెజ్జంలో దారంలా.
మధ్యలో చెట్టు దాన్ని
యాభై ఏళ్లు నిదానంగా నొక్కి
అప్పడం చేసింది.

తెగిన కొస పట్టుకు లాగితే
లోపల్నుంచి మూరెడు జడ వచ్చింది,
సన్నటి ఎర్రటి పీచువేళ్లు,
తలంటు పోసుకున్నట్టు నీళ్లు కారుతూ.

రంపం ట్రక్కులో ఉంది.
వేరు కోస్తే పది నిమిషాల పని.
తలెత్తి చూశాను.
వీధిలో మిగతా మేపుళ్లన్నీ
రెండు వేసవులకే నడినెత్తిన బట్టతల పడ్డాయి.
ఇది మాత్రం చీకటిగా, గుబురుగా.
ఎన్నాళ్లుగా తాగుతోందో!
కాలవ నీళ్లకి మీటరు లేదు గనక
దొంగతనం బిల్లులో పడలేదు.

కోయలేదు.
వేరు మింగిన ముక్కని వేరుకే వదిలేసి
రెండు వైపులా మూతలు బిగించి
మూడు బారల కొత్త గొట్టం
చుట్టూ తిప్పి వేశాను.
దారిలో ఒక చుక్కల గొట్టాన్ని చీల్చి
మొదట్లో కాదు,
నీడ అంచున పరిచాను. చెట్టు నోళ్లు అక్కడుంటాయి.

బిల్లు చూసి వెర్నా కళ్లజోడు సవరించుకుంది.
"ఈ పద్నాలుగు డాలర్లు దేనికి?"
"చెట్టు వాటా."
"ఆర్విడ్ ఉంటే బేరమాడేవాడు," అని
పద్నాలుగూ లెక్కపెట్టి ఇచ్చింది.

తర్వాత పెన్సిలు తెచ్చి గోడ చూపించింది.
కొత్త గీత గీశాను.
ఈసారి చెట్టు నుంచి కాదు,
గరాజు మూల నుంచి, టేపుతో, అడుగులూ అంగుళాలూ.
ఆమె నా భుజం మీంచి చూసి
పెదవి విరిచింది.
కర్ర చంకలో పెట్టుకుని మూలకి వెళ్లి
మళ్లీ నడక మొదలుపెట్టింది, పైకి లెక్కపెడుతూ.

ఇంతలో నేను నాలుగో మీట తిప్పాను.
ఒక దగ్గు. ఇంకో దగ్గు.
తలలన్నీ లేచాయి.
ఒకటి వంకరగా లేచి
అద్దం దించి ఉన్న నా ట్రక్కులోకి
తిన్నగా కొట్టింది.

"ముప్పై ఒకటిన్నర!"
తడిసిపోతూ అరిచింది వెర్నా,
"రాసుకో!"